అమెరికా కారుకు బిగించిన సారా గొట్టం

మాఘమాసం, బహుళ పక్షం, గురువారం, మధ్యాహ్నం పన్నెండున్నర. ఉప్పు కొఠారులో కూలీలను అన్నాలకు వదిలే గంట అప్పుడే కొట్టారు కాబట్టి వేళ విషయంలో నాకు అనుమానం లేదు. ఆ గంట చెవుల్లో మోగుతుండగానే మా అమ్మ సారా కాసే రాగి గొట్టాన్ని ఊరి పెద్ద రాఘవయ్య అమెరికా కారు ముందు భాగానికి బిగించారు. పాతకాలం సంగతులు రాయమని నన్ను అడిగినవాళ్లు సముద్రం గురించి, చేపల పులుసు గురించి, ఆ రోజుల్లో మనుషుల మంచితనం గురించి రాస్తానని ఆశపడి ఉంటారు. పులుసు గురించి అడిగితే రెండు మాటలు రాస్తాను. మంచితనం సంగతి నాకు తెలియదు. నేను చూడలేదు.

ఇదంతా ఇప్పుడు పైకి రావడానికి కారణం నా కూతురి కొడుకు. వాడు రొయ్యల గుంటల వాళ్లకు మేత, ఐసు చేరవేస్తుంటాడు. పోయిన వేసవిలో నెల్లూరులో ఎవరో వాడి వదిలేసిన పెద్ద కారు కొన్నాడు, గేర్లు తనంతట తనే మార్చుకునే రకం. దాని వెనక తొట్టిబండి తగిలించి ఐసు లాగుతుంటే గేరుబాక్సు కాగిపోతోందట. మెకానిక్కు చెప్పాడని అరచెయ్యంత వస్తువు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. సన్నటి గొట్టం, దాని చుట్టూ పల్చటి రేకులు. "అవ్వా, ఇదేందో తెలుసునా నీకు? కూలరు. గేరుబాక్సులో నూనె దీంట్లోకి వచ్చి, గాలికి చల్లారి, మళ్లా లోపలికి పోతాది. ఇది పెడితే బండి ఇంకా పదేండ్లు వస్తాది" అన్నాడు. "తియ్యరా దాన్ని నా కళ్ల ముందు నుంచి" అన్నాను. వాడు బిత్తరపోయాడు. వాడి తప్పేమీ లేదు, ఆ వస్తువు తప్పూ లేదు. నూనె కాగితే ఆ రకం గేరుబాక్సు చస్తుంది, చల్లారితే బతుకుతుంది. ఈ సంగతి వాడి తల్లి పుట్టక ముందే నాకు తెలుసు. ఎవరి గొట్టంతో చల్లార్చారన్నదే నా గొడవ.

మా ఊరు బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున, సరుగుడు తోపుల వెనక. మా నాయన ఒక తుఫాను ముందు వేటకు పోయి తిరిగి రాలేదు. ఆయన మిగిల్చిపోయిన వాటిలో వల చినిగిపోయింది, తెప్ప అన్నదమ్ములు పట్టుకుపోయారు, మా అమ్మ వెంగమ్మకు దక్కింది ఆ రాగి గొట్టం ఒక్కటే. పెళ్లికి ముందు ఆయన మెడ్రాసులో పాత ఓడలు విప్పే చోట కూలికి పోయి, కూలికి బదులు అది తెచ్చుకున్నాడట. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు, మెరుస్తోందని తెచ్చి ఉంటాడు. మెలికలు మెలికలుగా చుట్టిన గొట్టం, నిలబెడితే చిన్నప్పుడు నా నడుము దాకా వచ్చేది. ఆయన పోయాక మా అమ్మ దానితో సారా కాయడం మొదలుపెట్టింది. అప్పుడు మద్యనిషేధం. ఊళ్లో తక్కినవాళ్లు కుండ మీద కుండ బోర్లించి కాసేవాళ్లు. అది మసి వాసన, పిండి వాసన కొట్టేది. మా అమ్మ సారా నీళ్లలాగా తేటగా దిగేది. కావలి నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. నలుగురం తిన్న అన్నం ఆ గొట్టంలోంచి చుక్కచుక్కగా దిగిందే. నలుగురంటే అమ్మ, అన్న, నేను, కళ్లు కనపడని మా తాత.

ఇంట్లో రోజు ఎట్లా గడిచేదో చెబుతాను. తెల్లవారక ముందే అమ్మ పొగాకు కాడ దవడన పెట్టుకుని తోపులోకి పోయేది. ఇసుకలో మెడ దాకా పాతిపెట్టిన కుండలు ఉండేవి. వాటిలో బెల్లం, తుమ్మచెక్క వేసిన ఊట పులిసేది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో కుండకు చెవి ఆనించి వినేది. "ఇది ఇంకా గొణుగుతుండాది" అనేది. "ఇది నోరు మూసింది, రేపు కాయాల" అనేది. గొణుగుడు ఆగిన కుండను ఆ రోజో మర్నాడో కాయాల్సిందే, ఆలస్యమైతే ఊట మరీ పులిసి పుల్లనీళ్లు అయిపోతుంది, బెల్లం మట్టిపాలు. కాసేటప్పుడు రాగి గొట్టం నీళ్ల తొట్టిలో మునిగి ఉండేది. ఆ నీళ్లు వేడెక్కగానే తోడిపోసి చల్లనీళ్లు నింపడం నా పని. వేలు పెట్టి చూసి, వేలు ఓర్చుకోలేదంటే మార్చాలి. సారా దిగాక అమ్మ రెండు చుక్కలు పొయ్యిలోకి విదిలించేది, నీలంగా మండితే తల ఊపేది. మా ఒంటికి, కోకలకు, తాత కప్పుకునే దుప్పటికి అదే వాసన, పులిసిన బెల్లమూ తుమ్మచెక్కా కలిసిన వాసన. నెత్తళ్ల పులుసు కాచినా ఆ వాసన కిందే ఉండేది. నాకు అది చెడ్డ వాసన అని ఎప్పుడూ అనిపించలేదు.

నాకప్పటికి పంతొమ్మిదేళ్లు. మొగుణ్ణి వదిలేసి వచ్చి ఏడాది దాటింది. ఎందుకు వచ్చేశానో ఊరంతా అడిగేది, దెబ్బలు ఎన్ని తిన్నానో ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం నేను వచ్చిన రోజు నా మూట చూసి, "తొట్టిలో నీళ్లు మార్చే మనిషి లేక చస్తుండా. మంచి పని చేసినావు" అంది. అంతకంటే ఓదార్పు ఆమెకు తెలియదు. ఆమె కాసింది తాగి పెళ్లాలను కొట్టిన మొగుళ్లు మా ఊళ్లో ఉన్నారు, అది దాచను. నా మొగుడు తాగకుండానే కొట్టేవాడు, అదీ దాచను.

మా అన్న సుబ్బరాయుడు రాఘవయ్య దగ్గర డ్రైవరు. వాడు కావలిలో లారీల వెంట తిరిగి డ్రైవింగు నేర్చుకున్నన్నాళ్లూ సారా కుండే వాణ్ణి పోషించింది. ఖాకీ చొక్కా తొడిగాక ఆ వాసన వాడికి పడలేదు. ఇంటికి వస్తే వాకిట్లోనే నిలబడేవాడు. రాఘవయ్యకు ఉప్పు కొఠారు, సరుగుడు తోపులు, ఊళ్లో సగం జనం మీద అజమాయిషీ ఉండేవి. అవి చాలక మెడ్రాసులో ఎవరో దొర దేశం వదిలి పోతుంటే అతని కారు కొన్నాడు. పడవంత పొడుగు, స్టీరింగు ఎడమ పక్క, క్లచ్చు లేదు. మా అన్న దాని గురించి దేవుడి గురించి చెప్పినట్టు చెప్పేవాడు. "గేరు మనం మార్చబళ్లేదు మే, అదే మార్చుకుంటాది." అమ్మ నవ్వేది. "నిన్ను కూడా అదే మోసుకోని పోతాది గదా. ఇంక నువ్వెందుకురా దానికి?"

ఆ కారు సిమెంటు రోడ్లకు పుట్టింది. మా ఊరి నుంచి బిట్రగుంట స్టేషనుకు పోవాలంటే తోపుల మధ్య మెత్తని ఇసుక దారి దాటాలి. చక్రాలు కూరుకుపోయేవి, మా అన్న ముందుకు వెనక్కు, ముందుకు వెనక్కు ఊపి లాగేవాడు. లోపల గేరుబాక్సులో ఎర్ర నూనె కాగి నల్లబడేది, మాడిన వాసన వచ్చేది. ఒకసారి బాగా దెబ్బతిని మెడ్రాసు పోయి వచ్చింది. అక్కడి మెకానిక్కు చెప్పాడట, నూనె చల్లార్చే ఏర్పాటు లేకుండా ఇంకోసారి ఇసుకలో తిప్పితే ఇక ఇనప సామాను కిందే అమ్ముకోవాలని. ఆ సామాను విదేశాల నుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. కొన్నాళ్లు కారును పరదా కప్పి ఉంచారు. ఊళ్లో జనం సంబరపడ్డారు, నేనూ పడ్డాను.

అప్పుడే మంత్రి వస్తున్నాడని కబురు వచ్చింది. రాఘవయ్య మా ఫిర్కా మద్యనిషేధ సంఘానికి అధ్యక్షుడు. మా ఊళ్లో పెద్ద సభ పెట్టించాడు. మంత్రిని బిట్రగుంటలో రైలు దింపి ఆ కారులోనే తీసుకురావాలని పట్టుపట్టాడు. జీపు పంపిస్తామని పై నుంచి చెప్పినా వినలేదట. రైలు షెడ్డులో పనిచేసే ఫిట్టరు డేవిడ్‌ను పిలిపించాడు. డేవిడ్ కారు కింద దూరి చూసి, "గేరుబాక్సు నూనెను బయటికి తెచ్చి రాగి గొట్టంలో తిప్పి లోపలికి పంపిస్తే సరిపోతాది సార్. పొడుగాటి గొట్టం కావాల, మెలికలు తిరిగింది. అట్టాంటిది ఈ చుట్టుపక్కల యాడుంటాది?" అన్నాడు. యాడుంటాదో మా అన్న చెప్పాడు. వాణ్ణి ఎవరూ అడక్కముందే చెప్పాడు.

అమ్మ ఇయ్యనంది. రాఘవయ్య రమ్మని కబురు పంపాడు, అమ్మ పోలేదు. రెండోసారి హెడ్ కానిస్టేబుల్ మస్తానయ్య వచ్చాడు. ప్రతి వారం సీసా పట్టుకుపోయే మనిషే. ఆ రోజు మాత్రం టోపీ పెట్టుకుని వచ్చాడు. "వెంగమ్మా, గొట్టం అయ్యగారికి ఇస్తే అది కారు సామాను. నీ ఇంట్లో ఉంటే అది సారా సామాను. నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. తోపులో కుండలు గొణుగుతున్నాయి, ఇంకో నాలుగైదు రోజుల్లో కాయాలి. అమ్మ వాటి వైపు చూసింది. "ఎప్పుడిస్తాడు తిరిగి?" "సభ ఆదివారం. సోమవారం పొద్దునే నీ గడపలో ఉంటాది." అన్న వచ్చి గొట్టాన్ని భుజాన వేసుకున్నాడు. ఖాకీ చొక్కాకు మసి అంటకుండా కింద గుడ్డ వేసుకున్నాడు. అమ్మ, నేను వాడి వెనకే నడిచాం. తాత వాకిట్లో కూర్చుని, "ఏందే ఆ చప్పుడు, ఎవుర్ని మోసుకోని పోతుండారు?" అని అడుగుతూనే ఉన్నాడు.

రాఘవయ్య పెరట్లో వేపచెట్టు కింద పని మొదలైంది. డేవిడ్ గొట్టాన్ని కారు ముందు రేకుకు కట్టి, రెండు కొసలకూ రబ్బరు గొట్టాలు తగిలించబోయాడు. గాలికే చల్లారుతుందన్నాడు. మా అన్న ఒప్పుకోలేదు. వాడు పుట్టినప్పటి నుంచి ఆ గొట్టాన్ని నీళ్లలో తప్ప చూడలేదు. నీళ్లు లేకుండా అది చల్లారుస్తుందంటే వాడి బుర్రకు ఎక్కలేదు. "నీళ్లలో ముంచకుండా యాడన్నా చల్లారుతాదా అన్నా? మాయింట్లో చూసుండా గదా" అని డేవిడ్‌తో తగువు పెట్టుకున్నాడు. రాఘవయ్యకు వాడి మాట నచ్చింది. లోపలి నుంచి ఆయన భార్య సీతమ్మ పెద్ద ఇత్తడి గంగాళం పంపించింది. కారు బంపరు మీద ఇనప చట్రం కట్టి, గంగాళం కూర్చోబెట్టి, గొట్టాన్ని అందులో దింపి నీళ్లు నింపారు. చూసిన వాళ్లంతా పగలబడి నవ్వారు. అంత కారు బిందె పట్టుకుని నీళ్లకు పోతున్నట్టుంది. రాఘవయ్య మొహం మాడింది. అప్పుడు సీతమ్మ బయటికి వచ్చి, "దానికేముంది, మామిడాకులు పెట్టి కొబ్బరికాయ పెడితే పూర్ణకుంభం అవుతాది. మంత్రిగారికి స్వాగతం" అంది. గంగాళం మూతి చుట్టూ మామిడాకులు, పైన తట్టలో పసుపు పూసిన కొబ్బరికాయ, పక్కన అరటి పిలకలు. గొట్టం కనపడలేదు. కుంకుమ కూడా పెట్టారు.

అప్పుడే అమ్మ అడిగింది. డేవిడ్ చివరి రబ్బరు గొట్టం తగిలించి తీగ బిగిస్తున్నాడు, ఇంజను ఇంకా వెయ్యలేదు. అమ్మ అతని పక్కకు పోయి వంగి నిలబడింది. "అబ్బయా, దీంట్లో నూనె పోయినాక మళ్లా సారా దిగుతాదా?" డేవిడ్ తీగ మెలివేయడం ఆపాడు. ఆమె మొహం చూశాడు, తర్వాత రాఘవయ్య మొహం చూశాడు. "కడిగితే పోతాది" అన్నాడు రాఘవయ్య, అరుగు మీద నుంచి. "నేను నిన్ను కాదయ్యా అడిగింది, ఆ పిలగాణ్ణి" అంది అమ్మ. మస్తానయ్య బీడీ పొగ వదులుతూ "కడిగితే పోతాదంట గదా, ఇంకేంది" అన్నాడు. డేవిడ్ మళ్లీ తీగ మెలివేశాడు. అన్న సీటులో కూర్చుని తాళం తిప్పాడు. గొట్టం కడుపులోకి ఎర్ర నూనె పోవడం నేను వినలేదు, ఎవరూ వినలేదు, ఇంజను చప్పుడు అంత ఉంది.

నన్ను కారెక్కించాలని సీతమ్మకే తట్టింది. గంగాళంలో నీళ్లు వేడెక్కితే మార్చాలి, ఎప్పుడు మార్చాలో నాకు తెలుసు. పూర్ణకుంభం దగ్గర ఆడమనిషి ఉంటే అందం కూడాను. విధవ పనికిరాదు కాబట్టి అమ్మ కుదరదు. "మొగుడు బతికే ఉండాడు గదా, ముత్తైదువే గదా" అంది నన్ను కిందికీ పైకీ చూసి. అట్లా ఆ ఏడాదిలో మొదటిసారి నా మొగుడు దేనికో ఒకదానికి పనికివచ్చాడు. నాకు ఎర్ర కోక ఇచ్చారు, సభ అయ్యాక విప్పించుకున్నారు. ఆదివారం నేను ముందు సీటులో, కాళ్ల దగ్గర నీళ్ల బిందెలతో కూర్చున్నాను. మంత్రి, రాఘవయ్య వెనక.

స్టేషను నుంచి గట్టి రోడ్డు మీద ఏ గొడవా లేదు. ఇసుక దారి పట్టాక కారు మూలగడం మొదలుపెట్టింది. కాసేపటికి మామిడాకుల మధ్య నుంచి ఆవిరి లేచింది. మంత్రి ముందుకు వంగాడు. "ఏమయ్యా రాఘవయ్యా, ముందర ఆ పొగేమిటి?"

"ధూపం సార్. సాంబ్రాణి. మీరంటే మా ఊరికి అంత అభిమానం."

"వాసన రావడం లేదే?"

"గాలి ఎదురు కొడుతుండాది సార్."

మా అన్న మెడ మీద చెమట కారుతోంది. "మే కామాచ్చీ, నీళ్లు తెర్లుతుండాయా?" అని నోట్లోనే గొణిగాడు. "కొబ్బరికాయ ఎగురుతుండాది, కనపళ్లా?" అన్నాను. తోపు నీడన ఆపాడు. నేను దిగి తట్ట ఎత్తి, చెంబుతో ఉడుకు నీళ్లు తోడి ఇసుకలో పోసి, చల్లనీళ్లు పోశాను. మంత్రి కూడా దిగాడు. నేను ఏదో పూజ చేస్తున్నాననుకుని చేతులు జోడించాడు. తర్వాత దోసిలి పట్టాడు. "కాస్త తీర్థం పెట్టమ్మా." రాఘవయ్య నా వైపు కళ్లు ఉరిమాడు. బిందెలో మంచినీళ్లు ఉన్నాయి, వాటిలోంచి పోయొచ్చు. నేను గంగాళంలోంచే పోశాను. ఆయన తాగి, తడిచేయి తలకు రాసుకున్నాడు. "వెచ్చగా ఉందే" అన్నాడు. "ఎండ సార్" అన్నాడు రాఘవయ్య. మా అన్న స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. సారా గొట్టం మునిగిన నీళ్లు తలకు రాసుకుని మద్యనిషేధ సభకు పోయిన మంత్రిని నేను చూశాను. ఆ రోజు మొత్తంలో నాకు దక్కిన సుఖం అంతే, దాన్ని ఇన్నేళ్లు పొదుపుగా వాడుకుంటున్నాను.

సభలో ఆయన ఆడవాళ్ల కన్నీళ్ల గురించి చాలాసేపు మాట్లాడాడు. కారు తిరిగి స్టేషనుకు కూడా సాఫీగా పోయింది. గేరుబాక్సు చెడలేదు, నూనె మాడలేదు. రాఘవయ్య లెక్క తప్పలేదు, అది ఒప్పుకోవాలి. అంతేకాదు, మాట కూడా తప్పలేదు. సోమవారం పొద్దున చెప్పిన వేళకు అన్న గొట్టాన్ని తెచ్చాడు. సబ్బుతో కడిగించారు, కొత్తదానిలాగా మెరుస్తోంది. పైన తమలపాకులు, వక్క, రెండు అరటిపళ్లు. "చూసినావా, అయ్యగారు ఎంత మర్యాదగా పంపించినారో" అన్నాడు. అమ్మ తమలపాకులు తీసి తాత చేతిలో పెట్టి, గొట్టం కొసకు ముక్కు ఆనించింది. తోపులోకి పోయి కుండలకు చెవి ఆనించింది. అన్నీ నోరు మూసుకున్నాయి.

ఆ రోజే కాశాం. మొదట దిగిన చుక్కలు ఎర్రగా ఉన్నాయి, తర్వాత గోధుమరంగు, తర్వాత తేటపడ్డాయి. చూడటానికి తేటే. పొయ్యిలోకి విదిలిస్తే మంట నీలంగా కాకుండా పచ్చగా, పొగతో లేచింది. అమ్మ నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. గొట్టం ఊడదీసి చింతపండు నీళ్లు పోసి తిప్పింది. కుంకుడు రసం, సున్నపు నీళ్లు, బూడిద నీళ్లు, ఉడుకు గంజి, చేతికి ఏది దొరికితే అది. మెలికల లోపలికి చెయ్యి పోదు, పుల్ల పోదు. ఇంకో కుండ కాసింది. అదే కంపు. కావలి నుంచి వచ్చినవాడు ఒక గుక్క తాగి, "ఏందే వెంగమ్మా, లారీ కింద పడుకోని కాసినావా?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. తర్వాత వాళ్లు రాలేదు. ఊట కుండలన్నీ పుల్లనీళ్లు అయ్యాక అమ్మ వాటిని ఇసుకలోకి వంచేసింది. వారం పాటు తోపులో ఈగలు.

అమ్మ రాఘవయ్య దగ్గరికి పోయింది, నన్ను వెంటబెట్టుకుని. ఆయన అరుగు మీద ఉన్నాడు, మస్తానయ్య కింద నిలబడి ఉన్నాడు.

"అయ్యా, గొట్టం చెడిపోయినాది."

"యాడ చెడింది? సొట్ట పడిందా, చిల్లి పడిందా? చూపించు."

"నూనె కంపు పోవడంలా. ఏం పెట్టి కడిగినా పోవడంలా."

"ఇస్తానన్నాను, ఇచ్చినాను. చెప్పిన పూటకు ఇచ్చినాను." ఆయన గొంతు పెంచలేదు. "సారా సరిగ్గా దిగడంలేదని మద్యనిషేధ సంఘం అధ్యక్షుడి దగ్గరికి వచ్చి చెప్పుకుంటుండావు. ఏం మాట్లాడుతుండావో తెలుస్తుండాదా నీకు?"

మస్తానయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. అమ్మ పెరటి వైపు చూసింది. వేపచెట్టు కింద కారు ఉంది, గంగాళం లోపలికి పోయింది, ఇసుకలో ఎర్ర నూనె మరకలు ఉన్నాయి. ఆమె ఏడుస్తుందని వాళ్లు ఎదురుచూశారు. ఏడవలేదు. "ఉప్పు మళ్లలో పనుండాదా?" అని అడిగింది. "రేపటి నుంచి రా" అన్నాడు.

అట్లా మా అమ్మ ఆయన ఉప్పు మళ్లలోకే దిగింది. ఇనప గొట్టం తెచ్చి కాద్దామని ఒకసారి చూసింది, సారా నల్లగా వచ్చింది. అలాంటి రాగి గొట్టం మళ్లీ దొరకలేదు. ఉప్పు నీళ్లలో పాదాలు పగిలి, ఆ పగుళ్లలో ఉప్పు చేరి, సాయంత్రం ఇంటికి వచ్చి ఆముదం రాసుకుంటూ కూర్చునేది. నేను కూడా దిగాను. నా రెండో మొగుడు, నా కూతురి తండ్రి, ఆ మళ్లలోనే దొరికాడు. తాత ఆ వేసవిలోనే పోయాడు, పోయేముందు కూడా "ఇల్లు వాసన మారిందే" అనేవాడు. రాఘవయ్య మెడ్రాసు పోయి మిలిటరీ బండ్ల నుంచి విప్పిన అసలైన కూలరు కొని కారుకు పెట్టించుకున్నాడు. దాంతో కారు ఆయుష్షు బాగా పెరిగింది. ఆయన మనవడి పెళ్లి ఊరేగింపు కూడా దాంట్లోనే జరిగింది. మా అమ్మ అప్పటికి లేదు. అన్న చివరిదాకా అదే మాట అనేవాడు, అయ్యగారు మాట తప్పలేదని. నేను వాడితో మాట్లాడటం మానేశాను. వాడు పోయినప్పుడు చూడటానికి పోయాను, పోకపోతే జనం ఏమంటారోనని కాదు, నిజంగా పోయాడో లేదో చూద్దామని.

ఇప్పుడు ఆ ఉప్పు మళ్లు రొయ్యల గుంటలు. తోపు దారి తారు రోడ్డు. సారా దుకాణాలు వచ్చాయి, పోయాయి, వేరే పేర్లతో మళ్లీ వచ్చాయి. అమ్మేవాళ్లకు ఇప్పుడు సర్కారే బోర్డు రాసి ఇస్తుంది. మా అమ్మ ఇప్పుడు బతికి ఉంటే టోపీ పెట్టుకున్నవాడు ఆమె గడపకు వచ్చేవాడు కాదేమో, మంచిదే. నా మనవడి బండికి కూలరు పెట్టిన షాపువాడు గొట్టాన్ని ఎవరి ఇంట్లోంచీ పీక్కురాలేదు, అట్ట పెట్టెలోంచి తీశాడు. ఆ రోజుల కంటే ఈ రోజులు మెరుగని నేను చెప్పగలిగింది ఇంతవరకే. ఆ రోజుల్లో పెద్దవాళ్లు మాట మీద నిలబడేవాళ్లు అని నాతో ఎవరైనా అంటే మాత్రం కొట్టేట్టు చూస్తాను. నిలబడ్డారు. చూశాను.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, ఊళ్లో సాయంత్రం బడి పెట్టినప్పుడు. పలకలు ఇచ్చారు. సారా వల్ల కాపురాలు ఎట్లా కూలతాయో పాఠం చెప్పారు. పాఠంలో అబద్ధం లేదు, నేను తల ఊపుతూనే రాశాను. చదువు చెప్పే అమ్మాయి చిన్నది, మంచిది. అందరికీ గుణింతాలు వచ్చాక, "అమ్మా, ఇప్పుడు మీకు బాగా గుర్తున్న వాళ్ల పేర్లు రాయండి" అంది. అందరూ పిల్లల పేర్లు, దేవుళ్ల పేర్లు రాశారు. నేను రాసిన పలక చూసి, "వీళ్లు మీ బంధువులా?" అంది. కాదన్నాను. "ఇష్టమైన వాళ్లా?" కాదన్నాను. ఆ పేర్లే మళ్లీ ఇక్కడ రాస్తున్నాను. ఆ గురువారం, మా అమ్మ ఆ మాట అడిగినప్పుడు, ఆ పెరట్లో ఉన్నవాళ్లు వీళ్లు. అరుగు మీద రాఘవయ్య. గుమ్మంలో, చేతిలో మామిడాకులతో ఆయన భార్య సీతమ్మ. వేపచెట్టు కింద బీడీ తాగుతూ హెడ్డు మస్తానయ్య. తీగ చేతిలో పట్టుకుని, జవాబు తెలిసి, నోరు మెదపని ఫిట్టరు డేవిడ్. కారు తాళం మీద చెయ్యి వేసుకుని మా అన్న సుబ్బరాయుడు. నీళ్ల చెంబు పట్టుకుని కామాక్షమ్మ, అంటే నేను. ఇంకా, కారు దగ్గర వంగి నిలబడి, ఎవరైనా చెబుతారేమోనని ఒక్కొక్కరి మొహమూ చూస్తూ, వెంగమ్మ.